ఇరవై ఆరు డిగ్రీల వార్డు

తలుపు వేయకుండా వెళ్ళే మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగం అంటించింది. ప్రభుత్వ భవనాల్లో ఏసీలు తాగే కరెంటును తగ్గించడం నా పని. కొత్త భవనాలు కట్టించను, పాతవి పడగొట్టించను. ఉన్నదాన్నే అక్కడా ఇక్కడా సరిచేసి, తక్కువ కరెంటుతో గది చల్లగా ఉండేలా చూస్తాను. టెక్కలిలో కాపురం. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఆఫీసులూ ఆసుపత్రులూ తిరుగుతుంటాను. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచిస్తూ నిలబడే ధైర్యం మావాళ్ళెవరికీ లేదు.

ఈ పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది యంత్రాలు కాదు, మనుషుల గౌరవాలు. మా వైపు ఆఫీసుల్లో గది ఎంత చల్లగా ఉంటే అందులో కూర్చున్నవాడు అంత పెద్ద అధికారి. ఏప్రిల్ నెలలో స్వెట్టర్ వేసుకుని ఫైళ్ళు చూస్తున్న పెద్దమనిషిని నేను కళ్ళారా చూశాను. ఏసీ పద్దెనిమిదిలో ఉంది. ఇరవై ఆరులో పెట్టి ఫ్యాను వేసుకుంటే స్వెట్టర్ అక్కర్లేదు కదండీ అంటే, "వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. వచ్చినవాళ్ళు బయట వరండాలో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. వాళ్ళేమనుకుంటున్నారో నేను అడగలేదు.

ఇలాంటి చోట్ల పని చేసీ చేసీ, ఉద్దానంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి డయాలసిస్ వార్డు అప్పగించినప్పుడు నాకు కాస్త సంతోషం కలిగింది. అక్కడ దర్జా గొడవ ఉండదనుకున్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కొబ్బరి తోటలున్న ఊళ్ళోనూ, పడవలున్న ఊళ్ళోనూ, ఎవరో ఒకరి ఇంట్లో వారం అంతా ఆసుపత్రికి వెళ్ళే రోజుల చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. వెళ్ళడం, మంచం మీద పడుకోవడం, ఒంట్లో రక్తం గొట్టంలోంచి మిషన్‌లోకి పోయి శుభ్రపడి మళ్ళీ ఒంట్లోకి వచ్చేదాకా పూటంతా కదలకుండా ఉండడం. ఆ రోజు తప్పితే ఒళ్ళు నీరు పడుతుంది, ఊపిరి ఆడదు. రెండు మూడుసార్లు తప్పితే మనిషి దక్కడం కష్టం.

నేను మొదటిసారి ఆ వార్డులోకి వెళ్ళింది నడి ఎండాకాలంలో. బయట తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుంటున్నాయి. లోపల మంచాల మీద మనుషులు మంకీ క్యాపులు పెట్టుకుని, గెడ్డం దాకా దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నారు. రక్తం ఒంట్లోంచి బయటికి వెళ్ళి వస్తుంటే మామూలుగానే చలి పుడుతుందని హెడ్ నర్సు చెప్పింది. దాని మీద గోడలకున్న ఏసీలన్నీ పద్దెనిమిదిలో ఉన్నాయి. ఎందుకంటే, పైన శ్లాబు మధ్యాహ్నానికి పెనంలా కాలిపోతుంది, పడమటి కిటికీల సందుల్లోంచి వేడి గాలి వస్తుంది, తలుపు తీసినవాళ్ళు వేయరు. కిటికీ పక్క మంచం మీద వాళ్ళకి ఉక్కపోత, ఏసీ కింద వాళ్ళకి వణుకు. ఉక్కపోసిన వాళ్ళు అడిగితే రిమోట్ నొక్కి నొక్కి పద్దెనిమిదికి తెచ్చారు, అక్కడితో అంకెలు తగ్గడం ఆగిపోయింది కాబట్టి ఆగారు. ఏసీల బయటి పెట్టెలన్నీ వెనకాల ఇరుకు సందులో ఎదురెదురుగా పెట్టారు. ఒకదాని వేడి ఊపిరి ఇంకొకదాని మొహాన పడుతోంది. పెట్టినవాడు నా ఎదుట ఉంటే నాలుగు తిట్టేదాన్ని.

పని ఎక్కువేమీ కాదు. శ్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించాం. కిటికీలకు రబ్బరు పట్టీలు, బయట నీడకి రేకులు. తలుపుకి దానంతటదే మూసుకునే స్ప్రింగు. ఇది నా స్వంత సంతోషం. బయటి పెట్టెల్ని సందులోంచి తీసి గాలి ఆడేచోట దూరదూరంగా పెట్టించాం. జాలీల్లో పేరుకున్న దుమ్ము దులిపాం. సీలింగు ఫ్యాన్లు బాగు చేయించాం. అంతా అయ్యాక ఏసీలు ఇరవై ఆరులో పెట్టి, రిమోట్లు హెడ్ నర్సు సొరుగులో వేయించి తాళం పెట్టమన్నాను. వారం తిరక్కుండానే వార్డులో మంకీ క్యాపులు మాయమయ్యాయి. గదంతా ఒక్కతీరుగా ఉంది. కంప్రెసర్లు ఆగి ఆగి తిరుగుతున్నాయి. ఆ ఆగిన శబ్దం వినడం నాకు చాలా ఇష్టం. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు.

ఒకరోజు గది ఉష్ణోగ్రతలు చూసుకుంటూ తిరుగుతుంటే వార్డు తలుపు దగ్గర ఒకామె నన్ను అడ్డగించింది. నడివయసు మనిషి, గట్టి ఒళ్ళు, నడుముకి బిగించిన చీర కుచ్చిళ్ళు, చేతులకి ఎంత కడిగినా పోని నీచు వాసన. బారువ దగ్గరి పల్లె నుంచి భర్తను తీసుకొస్తుందని తరవాత తెలిసింది. ఆయన వేట మనిషి, జబ్బు వచ్చాక సముద్రం మానేశాడు. చేపలు కొని, అమ్మి ఇల్లు నడిపేది ఆమే.

"ఏసీలు తగ్గించింది నువ్వేనేటి?" అంది.

"తగ్గించలేదమ్మా, సరిచేశాం" అన్నాను.

"ఏటి సరిసేసేవు? మీ కరెంటు బిల్లు కోసం మా ఆయన రగతం పాడు సేత్తన్నావు నువ్వు."

నాకు అర్థం కాలేదు. వినడానికే ఎబ్బెట్టుగా అనిపించింది. ఏదో కోపంలో అంటోందనుకుని, డాక్టరుగారిని అడగమ్మా అని చెప్పి నా పని చూసుకున్నాను. ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. స్ప్రింగు తలుపు మాత్రం చక్కగా మూసుకుంది.

ఆ తరవాత వారానికి హెడ్ నర్సు ఫోన్ చేసింది. ఆమెది ఇచ్ఛాపురం, ఇంట్లో ఒడియా, వార్డులో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడుతుంది. ఆ రోజు రెండూ వినిపించాయి. బారువ వైపు నుంచి వచ్చే ఆయన వరుసగా రెండుసార్లు రాలేదట. ఫోన్ చేస్తే భార్య ఎత్తి, వార్డు మళ్ళీ మునుపట్లా చల్లగా చేస్తేనే తీసుకొస్తానందట. పలాసలో ప్రైవేటుగా ఎక్కడైనా చేయిద్దామని అడిగిందట, ఖాళీ లేదన్నారట. ఇంట్లోనే ఉంచింది.

"చల్లగా లేకపోతే ఏమవుతుందట?" అన్నాను.

"బయటికొచ్చిన రక్తం పాడైపోతుందట మేడం. ఐసు లేని చేపలాగా."

అప్పుడు అర్థమైంది. చేప నీళ్ళలోంచి బయటికి వచ్చిన క్షణం నుంచి దాన్ని ఐసులో ఉంచకపోతే చెడిపోతుంది. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్నది ఆ పనే. మనిషి రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చి, గొట్టాల్లో తిరిగి, మళ్ళీ లోపలికి పోతుంది. మధ్యలో అది బయట ఉన్నంతసేపూ దాన్ని చెడకుండా కాపాడేది గదిలో చలి అని ఆమె అనుకుంది. ఎవరూ ఆమెకి చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. తెరిచి ఉన్న వార్డు తలుపులోంచి భర్త వణుకుతూ కనిపిస్తుంటే, మంచిదే, రక్తం మంచి ఐసులో ఉంది అని ధైర్యంగా ఉండేది.

ఇందులో నా తప్పు లేదనే ఇప్పటికీ అంటాను. ఇరవై ఆరు డిగ్రీలు మనిషికి మంచివి. కానీ ఆ మనిషి రెండుసార్లు తప్పాడని తెలిశాక నాకు భయం వేసింది. ఇన్నేళ్ళ పనిలో నా చేతిమీదుగా బిల్లులు తగ్గాయి, మనుషులు తగ్గలేదు.

"పద్దెనిమిదికి తిప్పేయండి. ముందు మనిషిని రప్పించండి" అన్నాను నర్సుతో.

"తిప్పను" అంది ఆమె. "మిగతావాళ్ళు ఇప్పుడే కాస్త కంటినిండా పడుకుంటున్నారు. ఒక ముసలమ్మయితే నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ ఆ సలి పెట్టకమ్మా అంది. ఒకరి కోసం అందర్నీ వణికించనా? మీరే రండి, వెళ్ళి చెబుదాం."

మర్నాడు నర్సుకి సెలవు, ఇద్దరం నా కారులో బయల్దేరాం. జీడితోటలు దాటి, సరుగుడు చెట్లు దాటి, ఇసుక దారిలో చక్రాలు జారుకుంటూ పల్లె చేరాం. ఎండిన నెత్తళ్ళ వాసన దూరం నుంచే చెప్పింది వచ్చేశామని. వాళ్ళ ఇంటి ముందు తాటాకు పందిరి కింద ఆమె థర్మాకోలు పెట్టెల్లో చేపలు సర్దుతోంది. ఒక వరస చితక్కొట్టిన ఐసు, ఒక వరస చేపలు, మళ్ళీ ఐసు. మూత బిగించి, పైన తడి గోనె కప్పి, పెట్టెను నీడలోకి జరిపింది. ఎండ తగలకుండా, గాలి దూరకుండా. వార్డుకి నేను చేయించింది కూడా సరిగ్గా అదే, కాకపోతే నాకు బిల్లులు పెట్టుకునే వీలుంది.

భర్త అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదట. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడేలా ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవబోయాడు, నర్సు వద్దంది. ఎండన పడి వచ్చామని ఆయన భార్య కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చింది. మేం తాగుతుంటే ఆయన మా చేతుల్లోకి చూసి మొహం తిప్పుకున్నాడు. చుట్టూ కొబ్బరి చెట్లున్నా, కిడ్నీ జబ్బు మనిషికి ఆ నీళ్ళు నిషిద్ధం. నేను సగంలోనే బొండాం కింద పెట్టేశాను.

నర్సు ముందు తిట్టింది. "ఆయన్ని చంపుకుంటావా?" అంది.

"సంపుకుంటానికేటి తల్లీ, కాపాడుకుంటానికే ఉంచేను" అంది ఆమె. పెట్టె మూత తీసి ఒక చేపను బయటికి తీసి, మొప్ప విప్పి చూపించింది. లోపల ఎర్రగా ఉంది. "సూడు. ఐసు నేకపోతే ఈపాటికి ఇది నల్లబడిపోద్ది. సేపకే అలాగైతే మనిసి రగతం ఏటవుద్దో నువ్వే సెప్పు. నాకు సదువు రాదు గానీ ఏది పాడవుద్దో తెలుసు."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆ చేప మొప్ప మీద. అంత ఎర్రగా, అంత స్పష్టంగా కళ్ళ ముందు ఉంటే నేను చెప్పే డిగ్రీలు ఎవరు వింటారు? గది చలికీ రక్తం పాడవడానికీ సంబంధం లేదని చెప్పాను. ఆమె మర్యాదగా విన్నది. విన్నదే తప్ప నమ్మలేదు.

అప్పుడు నర్సు, ఈ మాటతో అంతా తేలిపోతుందన్న ధీమాతో, "అసలు ఆ మిషనే రక్తాన్ని చల్లారకుండా వెచ్చగా ఉంచుతుందమ్మా. ఒంట్లో ఉన్నంత వేడికి తెచ్చి మరీ లోపలికి పంపుతుంది" అంది.

నిజం చెప్పాలంటే అది నాకూ తెలియదు. ఏసీల గురించి తప్ప ఆ మిషన్ గురించి నేనెప్పుడూ అడగలేదు.

ఆమె మొహం మాడిపోయింది. "ఓలమ్మా! ఏడి సేత్తారేటి? ఇన్నాల్లూ ఏడి సేసే ఎక్కించేరేటి?" అంటూ పెట్టె మీదే కూలబడింది. "మావా, ఇన్నావా? ఆల్లు నీ రగతాన్ని ఏడి సేత్తన్నారంట."

ఆయనకి మాట్లాడడానికి ఊపిరి చాలడం లేదు. ఎడమ చెయ్యి మాత్రం ఎత్తి, వద్దన్నట్టో, ఊరుకోమన్నట్టో కదిపాడు. ఇద్దరం తెలివైనవాళ్ళం వచ్చి, ఉన్న భయాన్ని రెట్టింపు చేశాం. నర్సు నా వైపు చూసింది. నేను చెప్పులు వేసుకున్నాను, ఇంక లాభం లేదని.

నర్సు మాత్రం కదల్లేదు. ఆయన దగ్గరికి వెళ్ళి, నాడి పట్టుకుని, కాళ్ళు చూసి, ఆమె వైపు తిరిగింది. ఈసారి తిట్టలేదు. "నువ్వు వార్డు లోపలికి రా. తోడు వచ్చినవాళ్ళని రానివ్వం, తెలుసు కదా. నేను రానిస్తాను. మిషన్ దగ్గర నిలబడి నీ కళ్ళతో చూడు, నీ చేత్తో పట్టి చూడు. చేపను ఎలా చూస్తావో అలాగే చూడు. పాడైందని నీకు అనిపిస్తే అప్పుడే ఆపించి తీసుకుపో. నేను అడ్డం రాను" అంది.

ఆమె పెట్టె మీంచి లేచి భర్త పక్కకి వెళ్ళింది. ఆయన ఊపిరి గురగురమంటోంది. ఆ చప్పుడే నిర్ణయం చేసిందనుకుంటాను. పక్కింటామెకి పెట్టెలు అప్పగించి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది.

కారు ఎక్కగానే అలవాటుకొద్దీ ఏసీ వేశాను. వెనక సీట్లో ఆయన్ని ఆనించుకుని కూర్చున్న ఆమె, "అమ్మా, ఇంకాస్త సల్లగా ఎయ్యవా" అంది. నేను పెంచాను. అద్దంలో చూస్తే ఆయన రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని, పళ్ళు బిగించుకుని ఉన్నాడు. ఆమె ఆయన మొహం వైపు చూడడం లేదు, కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తోంది, బేగి పోనియ్యి అంటోంది. నేను నెమ్మదిగా చల్లదనం తగ్గించేశాను. ఆమె కనిపెట్టలేదు. ఆయన కనిపెట్టాడు, అద్దంలో నా కళ్ళలోకి చూశాడు.

ఆసుపత్రిలో ఆలస్యం చేయలేదు. డాక్టరు చూసి, మంచం తల వైపు ఎత్తి వెంటనే పడుకోబెట్టమన్నాడు. ఆమెకి మూతికి గుడ్డ, తలకి టోపీ పెట్టి, చేతులు సబ్బుతో కడిగించి మంచం పక్కన నిలబెట్టారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. వార్డు ఇరవై ఆరులో ఉంది, ఫ్యాను తిరుగుతోంది. నా పని అంతా సవ్యంగా ఉంది, దాని వైపు చూడాలని నాకు అనిపించలేదు.

సూదులు పెట్టారు. గొట్టం ఎర్రబడింది. రక్తం వెళ్ళి, మిషన్ అంతా తిరిగి, రెండో గొట్టంలోంచి ఆయన చేతి వైపు రావడం మొదలైంది. ఆమె గుడ్లప్పగించి చూస్తోంది. నర్సు ఆ రెండో గొట్టం చూపించి, "ఇదిగో, ఇది లోపలికి వెళ్ళేది. మెల్లగా పట్టుకో, నొక్కకు" అంది.

ఆమె వేళ్ళు గొట్టానికి తగిలాయి. చటుక్కున వెనక్కి తీసేసింది.

"ఏడిగా ఉంది" అంది. "సిస్టరమ్మా, ఏడిగా ఉంది. ఆపీయండి. మావా, నెగు, ఎల్లిపోదాం."

నర్సు మాట ఇచ్చింది కదా, ఏం చేస్తుందోనని నేను ఒక అడుగు లోపలికి వేశాను. నర్సు కదల్లేదు. మంచం మీద మనిషే కదిలాడు. ఖాళీగా ఉన్న చేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు.

"ఓలే, ఆగు" అన్నాడు. ఆయన గొంతు నేను వినడం అదే మొదలు. "ఐసు సచ్చిన సేపకే. నాను బతికే ఉన్నాను గదే."

ఆమె నిలబడిపోయింది.

"సెయ్యి పెట్టి సూడు, నా ఒల్లు ఏడిగా నేదేటి?" అన్నాడు. ఆపి ఊపిరి తీసుకున్నాడు. "ఇన్నాల్లూ సలికి సచ్చిపోయేను."

"మరి సెప్పవేటి?" అంది ఆమె. "సలేత్తందని ఒక్కపాలైనా సెప్పేవేటి నువ్వు?"

"సల్లగా ఉంటేనే బతుకుతానని నువ్వనుకుంతన్నావు గదా" అన్నాడు. "ఏటని సెప్పను?"

వార్డులో మిగతా మంచాల మీద వాళ్ళు తలలు తిప్పుకున్నారు. నాకు ఏడుపు వచ్చింది. దానికి ఇంకో పేరు పెట్టను.

ఆమె తన అరచెయ్యి ఆయన నుదుటి మీద పెట్టింది, తరవాత మెడ మీద పెట్టింది. ఆ తరవాత మళ్ళీ గొట్టం దగ్గరికి తెచ్చింది. ఈసారి వేళ్ళతో కాదు, అరచేత్తో, నొక్కకుండా చుట్టూ మూసి పట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నిద్ర పట్టింది, ఒళ్ళు వణకడం లేదు. చెయ్యి తియ్యమ్మా, ఇంక బయట కూర్చో అని నర్సు మెల్లగా చెప్పింది. కాసేపాగి మళ్ళీ చెప్పింది. ఆమె తియ్యలేదు.